పోయిండన్న మాట

పెట్టె అడుగునుంచి గంధంరంగు చీర తీసి, మంచం మీద పరిచి, చాలాసేపు చూసి మళ్ళీ మడతపెట్టేసిన కమలాకుమారి దగ్గర కిందటి వారం మనం ఆగాం. ఆ చీర ఆమె కట్టి పదకొండేళ్ళయింది. తను టైపిస్టుగా పనిచేసే కార్ఖానాలో కొనుగోళ్ళ సెక్షను చూసే పాండురంగం తనని పెళ్ళి చేసుకోమని అడిగి అప్పటికి ఎనిమిది రోజులు. ఆదివారం మధ్యాహ్నం సికింద్రాబాదులో భోజనం చేస్తూ సమాధానం చెబుతానని ఆమె మాట ఇచ్చింది.

ఆదివారం పొద్దున ఆ చీరే కట్టుకుంది.

తండ్రి వెంకటరామయ్య వరండాలో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు. టైపు సెక్షనులో విమల భోజనానికి పిలిచిందని ఆయనతో చెప్పింది. తండ్రితో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే కావచ్చు. ఆయన కళ్ళజోడు పైనుంచి చీరని చూశాడు, కూతురి మొహాన్ని చూశాడు. కుర్చీలో మెసిలితే మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి కుర్చీ కర్రకి తగిలి టిక్కుమంది.

"ఎండన పడకుండా వెళ్ళి రామ్మా" అన్నాడు. అంతే.

బీరంగూడ దగ్గర బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. సమాధానం కోసం ఆమె పెద్దగా మాటలు వెతుక్కోలేదు. 'సరేనండి' అంటే చాలు. ముప్ఫై ఆరేళ్ళ వయసులో తను ఇంతకన్నా ఏం మాట్లాడాలి? సాయంత్రం కార్ఖానా కూత వినపడితే అందరూ ఇళ్ళకి పరుగెడతారు. ఆమె మాత్రం టైపు మిషను మీద గుడ్డ కప్పి, దాని అంచులు సరిచేసి, ఇంకోసారి సరిచేసి, అప్పుడు లేచేది. ఇంట్లో ఇద్దరు మనుషులు, ఒక కూర, ఒక చారు, తొమ్మిదింటికి దీపం ఆర్పడం. ఈ బతుకులోకి ఒక మనిషి తలుపు తట్టి రావాలనుకున్నాడు. సరేనండి. మెహిదీపట్నం దాటేదాకా ఆ మాటనే పెదవుల లోపల తిప్పుకుంటూ ఉంది.

పాండురంగం ఆ హోటలు ఎంచుకోడానికి కారణం ఉంది. విదేశీ ఇంజనీర్లు కార్ఖానాకి వచ్చినప్పుడు వాళ్ళని వెంటబెట్టుకుని ఒకసారి అక్కడికి వెళ్ళాడు. మెట్ల మీద తివాచీ, బల్లల మీద తెల్లగుడ్డలు, గోడకి నల్లచెక్క మీద బంగారు గీతల్లో చెరువూ పడవా. కోటు వేసుకున్న బేరర్లు మెల్లగా మాట్లాడతారు. వియత్నాం వంటలు చేసే హోటలు. సంగారెడ్డి నుంచి గాని, కార్ఖానా కాలనీ నుంచి గాని పిట్ట కూడా అక్కడికి రాదు. చూసిన మనుషులు లేకపోతే చెప్పుకునే మనుషులూ ఉండరని ఆయన లెక్క.

ఆయన సంగారెడ్డి బజారులో పప్పుల వ్యాపారం చేసే కుటుంబంలోవాడు. ఆ ఇంట్లో మొదట బీయే చదివింది ఆయనే. భార్య పోయి ఆరేళ్ళయింది, పిల్లలు లేరు. మనిషి నెమ్మది. ఆ రోజు మాత్రం గడ్డం గీసుకుంటూ రెండు చోట్ల గాటు పెట్టుకున్నాడు.

"మాంసం లేకుంట చెయ్యాలె అని మొన్ననే వచ్చి చెప్పి పోయిన" అన్నాడు కూర్చోగానే. "మా ఇంట్ల ఉల్లిగడ్డ గూడ సోమవారం ముట్టరు. నేను గిట్ల పుల్లలతోని తినే హోటల్కు ఒచ్చిన్నని తెలిస్తే మా అమ్మ బాయి కాడ నిలబెట్టి స్నానం చేయిస్తది."

ఆమె నవ్వింది. కాని చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. అంత తెల్లటి బల్లగుడ్డ మీద చెయ్యి పెట్టాలంటే బెరుకు.

హోటలు యజమాని పాండిచ్చేరి తమిళుడు. సైగాన్‌లో పాతికేళ్ళు బట్టల దుకాణం నడిపి, డెబ్భై ఐదులో అన్నీ వదిలేసి వచ్చినవాడు. భార్య ఆ దేశపు మనిషి. చిన్న విగ్రహం, మెడదాకా గుండీలు పెట్టిన పొడవాటి అంగీ. ముఖ్యమైన బల్లలకి ఆవిడే స్వయంగా వడ్డిస్తుంది. రెండు పెద్ద గిన్నెలు తెచ్చింది. ఆవిరి కక్కే పల్చటి చారులో బియ్యప్పిండితో చేసిన వెడల్పాటి సేమ్యా, పుట్టగొడుగు ముక్కలు. పక్కన పళ్ళెంలో కొత్తిమీర, పుదీనా, పెసర మొలకలు, నిమ్మచెక్క, పచ్చిమిరప. కమలాకుమారి ముందు గిన్నె పెట్టి, చెయ్యి చాపి, చిరునవ్వుతో ఒక్కటే మాట అంది.

"ఫో."

కమలాకుమారి కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

ఆలోచించి లేచింది కాదు. భర్త పోయిన ఆడది ఆ మాటని పెళ్ళిపందిట్లో విని ఉంటుంది, పేరంటంలో విని ఉంటుంది, ఊరికి బయల్దేరే వాళ్ళ గుమ్మం ముందు విని ఉంటుంది. కాస్త పక్కకి పో అమ్మా. అటు పో. పదకొండేళ్ళలో చెవి ఆ మాట అందుకునే లోపలే కాళ్ళు లేవడం నేర్చుకున్నాయి. పైగా ఈ రోజు గంధంరంగు చీర కట్టింది. పట్టుబడ్డాననే అనుకుంది.

ఆ విదేశీయురాలు బిత్తరపోయి తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, నేనేమన్నా తప్పు చేశానా అన్నట్టు పాండురంగం వైపు చూసింది.

"కూసోండి, కూసోండి. ఆమె పొమ్మంట లేదు" అన్నాడాయన. "ఆ సేమ్యా చారు పేరే గది. ఫో అంటరు."

కమలాకుమారి కూర్చుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కాసేపటికి లోపలెక్కడినుంచో నవ్వు పుట్టుకొచ్చింది.

"ముందర గిన్నె పెట్టి పొమ్మనడం ఎక్కడా చూళ్ళేదండి" అంది.

సంగతి తెలుసుకుని ఆవిడ కూడా నవ్వింది. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది: తమ భాషలో అదే మాటని కాస్త గొంతు పైకెత్తి పలికితే వీధి అని అర్థమట. ఇక్కడికొచ్చే పెద్దమనుషులందరూ ఒక గిన్నెడు వీధి తెమ్మనే అడుగుతారట. తన భర్త కూడా ఇప్పటికీ తప్పే పలుకుతాడట. మూడేళ్ళయింది, సరిగ్గా ఆ మాట ఇంకొక నోట వినలేదు అంది. నవ్వుతూనే అంది గాని, వంటింటి వైపు వెళ్తున్న ఆవిడ వీపుని కమలాకుమారి కాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఆ నవ్వుతో బల్ల దగ్గర గాలి తేలికైంది. పాండురంగానికి ధైర్యం వచ్చింది. ఇదే సమయమని ఆమె కూడా అనుకుంది. 'సరేనండి' అనే మాట నాలుక చివరికి వచ్చింది. ఆయన మటుకు, ఆమెని ఇంకొక్కసారి నవ్విద్దామనుకున్నాడు.

"మీ ఆంధ్రోళ్ళకు ఆ మాటంటేనే భయం" అని మొదలుపెట్టాడు.

కార్ఖానా తెరిచిన కొత్తలో జరిగిందట. కాకినాడ నుంచి ఒక ఆఫీసరు కొత్తగా వచ్చి, లెక్కల సెక్షనులో కామేశ్వరరావుగారు ఏరని అడిగాడు. అటెండరు ఎల్లయ్య, పోయిండు సార్, గిప్పుడే పోయిండు అన్నాడు. ఆఫీసరు అలాగే గోడకి చేరగిలబడ్డాడట. నిన్న సాయంత్రం కూడా మాట్లాడానయ్యా, ఎలా పోయాడు అంటే, ఎల్లయ్య, ఎట్ల పోతరు సార్, నడుసుకుంటనే పోయిండు అన్నాడు. నడుస్తూ నడుస్తూ పడిపోయాడని ఆయనకి అర్థమైంది. సెక్షనంతటినీ లేపి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. అందరూ తలలు వంచుకుని నిలబడి ఉండగా కామేశ్వరరావు క్యాంటీను నుంచి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ఎవరో పెద్దమనిషి కాలం చేసి ఉంటాడనుకుని తనూ వెళ్ళి తల వంచుకుని నిలబడ్డాడు.

చెప్పడం అయ్యాక పాండురంగమే ముందు నవ్వాడు. ఆమె నవ్వలేదు. గరిటె లాంటి పింగాణీ చెంచా గిన్నెకీ నోటికీ మధ్య ఆగిపోయింది.

"మరి మీలో నిజంగానే చనిపోతే ఏమంటారు?"

"సచ్చిపోయిండంటం. జెర పెద్దమనిషైతే కాలం చేసిండంటం."

"పోయిండు అనరా?"

"పోయిండంటే యాడికో పోయిండన్నట్టే గదా" అన్నాడు. ఆమె మొహం అప్పుడు చూశాడు. "ఏమైంది?"

ఆమె చెంచా గిన్నెలో పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

పదకొండేళ్ళ కిందట ఆమె భర్త త్రినాథరావు, కార్ఖానా కడుతున్న కాంట్రాక్టరు దగ్గర కరెంటు పని చేసేవాడు. ఇస్నాపూర్లో కిష్టప్ప అనే ఆయన ఇంట్లో గది తీసుకుని ఉండేవాడు. ఒళ్ళు కాలిపోయే జ్వరమని ఉత్తరం వస్తే, తాడేపల్లిగూడెం దగ్గరి పుట్టింటి నుంచి తండ్రితో కలిసి రైళ్ళూ బస్సులూ మారి వచ్చింది. కిష్టప్ప చెప్పిన కబురు విని ఆ గడపలోనే పడిపోయింది. తండ్రి ఇంకేమీ అడిగే తీరిక లేక ఆమెని ఊరికి తీసుకుపోయి, పదిరోజుల తరవాత ఆసుపత్రిలో కనుక్కొస్తానని ఒక్కడే ఇస్నాపూర్‌కి తిరిగి వచ్చాడు. ఊరికి వెళ్ళాక, దహనం అంతా ఆసుపత్రివాళ్ళే చేశారమ్మా, ఇంక ఏమీ అడక్కు అన్నాడు. ఆ మర్నాడు ఆమె బొట్టు తీసేశారు. నాలుగేళ్ళకి ఆమె టైపు నేర్చుకుని, ఆయన పోయిన నేల మీదే బతుకుతానని పట్టుబట్టి కార్ఖానాలో ఉద్యోగం తెచ్చుకుంది. ఊరంతా మెచ్చుకుంది. వద్దంటే వద్దన్నది తండ్రి ఒక్కడే.

భర్త జ్వరంతో చనిపోయాడని పాండురంగానికి తెలుసు. ఆ కబురు ఏ మాటల్లో వచ్చిందో తెలీదు. ఆమె దాన్ని అక్షరం పొల్లుపోకుండా దాచుకుంది. జపం చేసినట్టు ఇన్నేళ్ళూ లోపల అనుకున్న మాట, మొదటిసారి పైకి అంది. తన యాసలో కాదు, కిష్టప్ప యాసలోనే అంది.

"'దవాఖానల నాలుగొద్దులున్నడు బిడ్డా. శనివారం పొద్దుగాల పోయిండు.' ఇదే ఆయన చెప్పింది. ఇంకొక్క మాట చెప్పలేదు. దీనికి అర్థం ఏమిటండీ?"

పాండురంగం మూతి తుడుచుకునే గుడ్డని మడత పెట్టాడు. మడత విప్పాడు. ఆయన సమాధానం కోసం వచ్చాడు. ఆ సమాధానం ఆమె నాలుక మీదే ఉందని ఆయనకి తెలుసు. ఒక్క అబద్ధం ఆడితే ఆ సమాధానం ఇప్పుడే ఆయనది అవుతుంది. ఆడినా పట్టుకునేవాళ్ళెవరూ లేరు.

"ఒక్కొక్కసారి మావోళ్ళు..." అన్నాడు. ఆగాడు. కిటికీ వైపు చూశాడు.

ఆమె ఎదురుచూసింది. ఏ మాట కోసం ఎదురుచూస్తోందో ఆమెకే తెలీదు.

"పోయిండంటే పోయిండనే" అన్నాడు చివరికి. "సచ్చిపోయిండని గాదు. కిష్టప్ప గట్ల అన్నడంటే, మీ ఆయన నాలుగొద్దులు దవాఖానల పండి, శనివారం లేచి నడుసుకుంట బయటికి వచ్చిండు." "మీరు నన్ను అడగకుంటే బాగుండు" అన్నాడు.

ఆమె ఏడవలేదు. కొత్తిమీర రెబ్బ ఒకటి తీసి వేళ్ళతో నలిపింది. కార్ఖానాలో ఏడేళ్ళుగా రోజూ విన్న మాటే, ఆ ఒక్క కబురు పక్కన పెట్టి ఎన్నడూ చూసుకోలేదు. ఏటా ఆ తిథికి ఉపవాసం ఉండి, గోడ మీద ముద్ద పెట్టేది. ఏటా కాకి వచ్చి తినేది. కాకి ముట్టిందమ్మా, ఆయన తృప్తిపడ్డాడు అని ఇరుగుపొరుగు అనేవారు. బతికున్న మనిషి ముద్దని అది ఏ ఆకలితో తిన్నదో.

బతికున్నాడా? ఉంటే ఎక్కడ? పదకొండేళ్ళలో ఒక్క ముక్క రాయకుండా ఉన్నాడా?

యజమానురాలు వచ్చి చల్లారిన గిన్నెలు చూసి, బాగాలేదా అని మెల్లగా అడిగింది. బాగుంది, చాలా బాగుంది అని కమలాకుమారి రెండుసార్లు చెప్పింది. మెట్లు దిగుతుంటే ఆవిడ పైనుంచి చెయ్యి ఊపింది.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఒకే బస్సులో ఒకే సీటులో కూర్చున్నారు. పొద్దున వేరువేరుగా వెళ్ళినవాళ్ళు. ఎవరన్నా చూస్తారేమోనన్న ధ్యాస ఇద్దరికీ లేదు. కండక్టరు బీరంగూడ, బీరంగూడ అని కేకవేశాడు. ఆమె కదల్లేదు.

"మీ స్టేజి" అన్నాడు పాండురంగం.

"ఇస్నాపూర్‌కి టికెట్టు తీసుకోండి."

ఆయన ఎందుకని అడగలేదు. తనకి సంగారెడ్డి దాకా ఉన్నా, ఇస్నాపూర్లో ఆమె వెంట దిగాడు.

అప్పుడు నాలుగు గదులున్న కిష్టప్ప ఇల్లు ఇప్పుడు పద్నాలుగు గదులైంది. తీగల నిండా ఖాకీ చొక్కాలు ఆరుతున్నాయి. ఒక గది ముందు బీహారు పనివాళ్ళు రొట్టెలు కాలుస్తూ హిందీలో ఏదో వాదించుకుంటున్నారు. కిష్టప్ప ముసలివాడైపోయి, కళ్ళలో పొర కమ్మి, నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కిరాయికి గది కోసం వచ్చారనుకుని, ఆలుమగలకైతే ఎనుక దిక్కు అర్ర ఖాళీ ఉందన్నాడు. పాండురంగం రెండడుగులు వెనక్కి వేసి గోడ దగ్గర నిలబడ్డాడు.

తను కరెంటు పని చేసే త్రినాథరావు భార్యనని కమలాకుమారి చెప్పింది. ముసలాయన తల ఎత్తాడు. గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపి వెతికాడు.

"కరెంటాయన పెండ్లామువా? గడపల పడ్డ పిల్లవు. ఒచ్చిండా బిడ్డా ఆయన, మళ్ళ నీ దగ్గరికి?"

అంతకు మించి అడగక్కర్లేదు. అయినా అడిగింది. ఆ రోజు తనతో చెప్పింది ఏమిటని అడిగింది.

"ఏం జెప్పిన? పోయిండని జెప్పిన. జెరం తగ్గింది, దవాఖానకెల్లి ఒచ్చిండు, సామాను గీడనే పెట్టి బస్సెక్కి పోయిండు. నువ్వు ఇనంగనే పడితివి. మొగడు ఇడిసిపెట్టి పోయిండని పిల్ల పానం తట్టుకోలే అనుకున్న. నీళ్ళు సల్లింది మా ఇంటామెనే."

"నేను చనిపోయారనుకున్నానండి."

కిష్టప్ప మంచం పట్టె పట్టుకుని ఆమె వైపు వంగాడు.

"గదేంది బిడ్డా. మీ నాయనకు అంతా సమజయ్యేటట్టు జెప్పిన గదా."

"ఏ రోజు?"

"పదిరోజులకు మళ్ళొచ్చిండు గద, ఒక్కడే. ఆయన గూడ నీ లెక్కనే, పీనుగ యాడుందని అడిగిండు. పీనుగేంది, మనిషి మంచిగున్నడని జెప్పిన. నీకియ్యమని కరెంటాయన ఇచ్చిన చీటి ఆయన చేతుల్నే పెట్టిన. గీడనే, గీ మంచం మీదనే కూసోని చదివిండు. చదివి, తలకాయ పట్టుకున్నడు. పొద్దుగూకే దాక లేవలే. పొయ్యేటప్పుడు, మా బిడ్డ గట్లనే అనుకోనియ్ కిష్టప్పా, ఎన్నడన్న అడిగినా చెప్పకు అన్నడు." ముసలాయన మాట తగ్గించాడు. "ఇన్నొద్దులు నువ్వు అడగనే లేదు. ఇయ్యాల అడిగినవు."

ఇద్దరూ బస్సుల దగ్గరికి నడిచి వచ్చారు. పాండురంగం సంగారెడ్డి వైపు వెళ్ళాలి, ఆమె బీరంగూడ వైపు. రోడ్డుకి ఆ పక్కనొకరు, ఈ పక్కనొకరు నిలబడాలి. సమాధానం సంగతి ఆయన ఎత్తలేదు. ఎత్తే మనిషి కాదు. ఆయన బస్సు ముందుగా వచ్చింది. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. పోయొస్త అన్నాడా, పోత అన్నాడా, ఇంజను చప్పుడులో ఆమెకి తెలీలేదు. ఈ పూట దాకా ఆ రెంటికీ తేడా ఉందని కూడా ఆమె చెవికి తెలీదు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. వెంకటరామయ్య పొద్దున్న పేపరునే మళ్ళీ చదువుతున్నాడు. కూతురి అడుగుల చప్పుడుకి తల ఎత్తి, విమలా వాళ్ళింట్లో భోజనం బాగా జరిగిందా, ఇంతసేపు ఉండిపోయావేం అని అడిగాడు.

కమలాకుమారి గుమ్మంలోనే నిలబడింది.

"ఇస్నాపూర్ పోయిన నాన్నా" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఆమె నోటివెంట ఆ యాసలో ఒక మాట రావడం అదే మొదలు. ఆయన ఎందుకని అడగలేదు. ఎవరి దగ్గరికని అడగలేదు. పేపరు ఒళ్ళోకి జారింది.

"కిష్టప్ప పోయాడన్నారే" అన్నాడు. "నిరుడు బస్సులో ఇస్నాపూర్ వాడెవడో ఎక్కితే అడిగాను. పోయిండు అనే చెప్పాడు."

చెప్పాక గాని తను ఏమన్నాడో ఆయనకి తెలీలేదు. తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదకొండేళ్ళ కింద ఆమెని పడగొట్టిన మాటే ఆయన్నీ మోసం చేసింది.

"చీటీ ఏది నాన్నా?"

వెంకటరామయ్య కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. పంచె మడత కింద మొలతాడు ముడి బిగుసుకుపోయి రెండుసార్లు వేళ్ళకి లొంగలేదు. మూడోసారికి తాళంచెవి ఊడి అరచేతిలో పడింది. ఇన్నేళ్ళుగా స్నానానికీ నిద్రకీ కూడా ఆయన ఒంటిని విడవని తాళంచెవి. అది ఏ పెట్టెదో ఆమె ఎన్నడూ అడగలేదు.

ఆయన దాన్ని కూతురి చేతిలో పెట్టి, గుప్పిట మూసి, ఆ గుప్పిటని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"తెరవబోయే ముందు ఒక్కమాట చెప్పమ్మా" అన్నాడు. ఆమె ఆ ఇంట్లో ఎన్నడూ ఎత్తని పేరు ఆయన నోట వచ్చింది. "ఆ పాండురంగానికి నువ్వు ఏమని చెప్పావు?"